కర్నూలు నుంచి కారులో పోఖరా వెళ్లాలంటే ప్లాన్ ఎలా వేసుకోవాలి?

నేపాల్‌కి కారులో పోతున్నామంటే అందరూ అడిగేది ఎన్ని కిలోమీటర్లు అనే. కర్నూలు నుంచి సునౌలీ బోర్డర్‌కి సుమారు 1,700. దూరమే గానీ దాంతో పెద్ద ఇబ్బందేం లేదు, మన ఊరి పక్కనుంచి పోయే ఎన్‌హెచ్ 44 పట్టుకుంటే నాగ్‌పూర్ మీదుగా లఖ్‌నాదోన్ దాకా ఎవర్నీ దారి అడగక్కర్లేదు. తలనొప్పంతా బోర్డర్ దగ్గరే, అవతల మన కారు తిరగాలంటే రోజుల లెక్కన డబ్బు కట్టాలి. అందుకే నా మాట విని, లెక్క బోర్డర్ నుంచి వెనక్కి వేసుకుంటూ రండి.

ముందు నెల చూసుకోండి

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వద్దే వద్దు, కొండచరియలు విరిగి రోడ్లు మూసేస్తారు. డిసెంబర్, జనవరిలో కొండల్లో బాగానే ఉంటుంది గానీ గోరఖ్‌పూర్ వైపు పొగమంచుకి బానెట్ ముందు ఏముందో కనపడదు. అక్టోబర్ చివర, నవంబర్ మంచి టైం. మన దసరా రోజుల్లోనే వాళ్లకి దశైం పండగ, అందరూ సొంతూళ్లకి బయల్దేరతారు, ఆ వారం తప్పించండి.

తర్వాత కాగితాలు

మనకి వీసా అక్కర్లేదు. పాస్‌పోర్ట్ గానీ ఓటర్ కార్డు గానీ ఉండాలి. ఆధార్ ఉందిలే అనుకోకండి, అది 15 ఏళ్ల లోపు పిల్లలకి, 65 దాటిన పెద్దవాళ్లకి మాత్రమే. ఆర్‌సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ కాగితం మీద, రెండేసి జిరాక్సులతో పెట్టుకోండి, డిజిలాకర్ చూపిస్తే అక్కడ నడవదు. బండి నాన్న పేరునో బావ పేరునో ఉంటే ఆయన సంతకంతో ఆథరైజేషన్ లెటర్ కావాలి. ఇంకొకటి చాలామంది మర్చిపోతారు: మన ఇన్సూరెన్స్ మామూలుగా ఇండియా వరకే. కొంచెం ప్రీమియం ఎక్కువ కడితే నేపాల్‌కి కూడా పొడిగిస్తారు, బయల్దేరడానికి రెండు వారాల ముందే ఏజెంట్‌కి ఫోన్ చేసి రాయించుకోండి.

దారి

తెల్లారి నాలుగుకి తుంగభద్ర దాటేస్తే, శంషాబాద్ దగ్గర ఓఆర్‌ఆర్ ఎక్కి మేడ్చల్‌లో దిగి, చీకటి పడేసరికి నాగ్‌పూర్. రెండో రోజు లఖ్‌నాదోన్ దగ్గర 44 వదిలేసి జబల్‌పూర్ మీదుగా రీవా. మూడో రోజు ప్రయాగ్‌రాజ్ దాటి గోరఖ్‌పూర్. తిండికి కడక్ జొన్నరొట్టెలు, చెనక్కాయ పొడి కట్టుకోండి, రోజూ ఆలూ పరాఠా తినలేం.

మూడో రాత్రి గోరఖ్‌పూర్‌లోనే పడుకోండి. బోర్డర్ ఇంకా వంద కిలోమీటర్ల లోపే కదా అని సాయంత్రం పోకండి. మేము అదే చేశాం. ఐదున్నరకి చేరి, ఉత్సాహం కొద్దీ అప్పుడే భన్సార్ కట్టేశాం. భన్సార్ అంటే అక్కడి కస్టమ్స్ రసీదు, దాంతో పాటు యాతాయాత్ అని రోడ్డు పర్మిట్ ఇంకొకటి. దానికి తారీఖులే లెక్క గానీ గంటలు కాదు. నాలుగు రోజులకి కడితే, బోర్డర్ అవతలి ఊరు భైరహవాలో లాడ్జిలో పడుకున్న ఆ సాయంత్రమే ఒక రోజు కింద పోయింది. తిరుగు ప్రయాణంలో బుట్వల్ దగ్గర సిద్ధబాబా అనే చోట కొండరాళ్లు పడి మూడు గంటలు ఆపేశారు. పర్మిట్ ఆ రాత్రితో అయిపోతోంది, దాటితే జరిమానా. మా బామ్మర్ది డాష్‌బోర్డు మీదున్న ఆ రసీదు తీసి తారీఖు చూడటం, మళ్లీ అక్కడే పెట్టడం, పది సార్లన్నా చేసుంటాడు. రాత్రి తొమ్మిదికి బయటపడ్డాం. కాబట్టి పొద్దున్నే దాటండి, అనుకున్న దానికన్నా ఒక రోజు ఎక్కువకి కట్టండి. ఏడాదికి మొత్తం 30 రోజులే ఇస్తారు, మనకి అది చాలా ఎక్కువే.

అవతల

భైరహవా నుంచి తాన్సేన్ మీదుగా పోఖరా 180 కిలోమీటర్లే, అయినా పగలంతా దానికే రాసిపెట్టుకోండి. శ్రీశైలం ఘాట్ తోలినవాళ్లకి ఆ మలుపులు కొత్తేం కాదు, కాకపోతే అవి అయిపోవు. దిగేటప్పుడు రెండో గేర్లోనే దిగండి, బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుంటే వాసన వస్తుంది. బ్రేక్ ప్యాడ్లు, స్టెప్నీ కర్నూల్లోనే చూపించుకోవాలి.

డబ్బుకి వంద నోట్ల కట్ట పెట్టుకోండి, వంద మనవి నూట అరవై వాళ్లవి. ధర చెప్పినప్పుడు ఐసీనా ఎన్‌సీనా అని అడగండి, అంటే మన రూపాయలా వాళ్లవా అని. రోమింగ్ లేకపోతే మన సిమ్ పనిచేయదు, ఓటీపీలూ రావు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. వాచీ పావుగంట ముందుకి తిప్పండి.

పోఖరాలో రెండు రాత్రులుంటే చాలు. రెండిట్లో ఒక తెల్లవారుజామున సారంగ్‌కోట్ కొండ ఎక్కండి, మబ్బు లేకపోతే మచ్ఛపుచ్ఛ్రే అనే మంచుకొండ కొన మీద మొదటి ఎండ పడటం కనిపిస్తుంది. మబ్బు పడితే రెండో పొద్దున ఉంటుంది, మాకు అదే పనికొచ్చింది.