రొయ్యల ప్లాంటు కన్వేయర్‌కు గేర్‌బాక్స్: శుభ్రత కోసం ఏం చూడాలి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో, మోటారు వేగాన్ని తగ్గించి కన్వేయర్ బెల్టును తిప్పే గేర్‌బాక్స్‌కు అసలు పరీక్ష లోడు మోయడం కాదు, షిఫ్టు ముగిశాక పైపుతో కొట్టి కడగడాన్ని తట్టుకోవడం. ఉప్పునీరు, రొయ్య జిగురు, క్లోరిన్ ద్రావణం రోజూ దాని మీద పడుతుంటాయి కాబట్టి, టార్క్ (తిప్పే బలం) లెక్కతో పాటే నీరు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడి నుంచి లోపలికి దూరుతుంది అన్నది కూడా డ్రాయింగు దశలోనే తేల్చుకోవాలి.

రంగు వేసిన పోత ఇనుము బాడీని సరుకు దగ్గరకు రానివ్వకండి. పెచ్చు ఊడితే అది సరుకులో పడుతుంది, ఊడనంతకాలం దాని కింద తడి దాగి ఉంటుంది. ఆ తడిలో లిస్టీరియా చేరవచ్చు; అది చల్లటి గదిలోనూ పెరగగల, జబ్బు తెచ్చే సూక్ష్మజీవి. 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది కనుక ఉప్పుకు 304 రకం స్టీలు కంటే బాగా ఆగుతుంది, అయితే క్లోరిన్ కొట్టాక నీళ్లతో కడగకుండా వదిలేస్తే దానికీ గుంటలు పడతాయి. పైభాగం చదునుగా కాక కనీసం 3 డిగ్రీల వాలుతో, లోపలి మూలలు కనీసం 3 మిల్లీమీటర్ల గుండ్రంతో ఉండాలి. ఎలెన్ బోల్టు తల గుంటలో కడిగిన తర్వాత కూడా మురికి నీరు నిలుస్తుంది, అందుచేత గుంట లేని గుండ్రటి తల బోల్టులను రబ్బరు వాషరుతో వాడాలి. రివెట్లతో బిగించిన నేమ్‌ప్లేటు వెనకా ఇదే తంతు. వివరాలను బాడీ మీదే లేజర్‌తో చెక్కించడం మేలు. ఆహారం తాకే ఉపరితలాలకు అడిగే ఆర్‌ఏ (సగటు గరుకుదనం) 0.8 మైక్రోమీటర్ల నునుపును బెల్టు కింద ఉండే గేర్‌బాక్స్‌కు కూడా పట్టుబట్టడం, నా ఉద్దేశంలో, డబ్బు దండగ.

స్టెయిన్‌లెస్ స్టీలు వేడిని పోత ఇనుముతో పోలిస్తే సుమారు మూడో వంతే ప్రసరింపజేస్తుంది. పైగా శుభ్రత కోసం చల్లబరిచే రెక్కలను, ఫ్యాన్‌ను తీసేస్తాం. అందువల్ల కేటలాగులో మెకానికల్ రేటింగుతో (ఎంత లోడు మోస్తుందో) ఆగిపోకుండా థర్మల్ రేటింగు (అతిగా వేడెక్కకుండా ఎంత మోస్తుందో) కూడా చూడాలి; వీలైతే ఎక్కువ వేడి పుట్టించే వార్మ్ గేరుకు బదులు హెలికల్ బెవెల్ తీసుకోవాలి.

చాలామంది పట్టించుకోనిది బ్రీదర్, అంటే లోపలి గాలి వచ్చిపోయే చిన్న రంధ్రం. రోజంతా తిరిగి వేడెక్కిన గేర్‌బాక్స్ మీద చన్నీళ్లు పడగానే లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదర్ రంధ్రం నుంచీ షాఫ్ట్ చుట్టూ ఉండే ఆయిల్ సీల్ అంచు నుంచీ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. నీటి జెట్‌ను తట్టుకుంటుందని చెప్పే ఐపీ69కే ముద్రను చూసి నిశ్చింతగా ఉండకూడదు: ఆ పరీక్షలో 80 డిగ్రీల వేడినీటిని 80 నుంచి 100 బార్ల ఒత్తిడితో కొడతారు, మన దగ్గర జరిగేది అందుకు విరుద్ధం, వేడి గేర్‌బాక్స్ మీద చన్నీళ్లు. బ్రీదర్ లేకుండా పూర్తిగా మూసిన రకాన్ని గానీ, బ్రీదర్‌ను గొట్టంతో పొడి చోటికి తీసుకెళ్లే ఏర్పాటును గానీ ఎంచుకోండి. బయటి వైపు దుమ్మును ఆపే పెదవి కూడా ఉన్న డబుల్ లిప్ సీల్ అడగండి. ఆయిల్ పాలరంగుకు తిరిగితే నీరు చేరినట్లే. అప్పుడు ఆయిల్ మార్చి ఊరుకోకుండా, నీరు దూరిన దారిని కనిపెట్టాలి.

ఆయిల్ తప్పనిసరిగా హెచ్1 రకమై, అంటే పొరపాటున ఆహారానికి తగిలే అవకాశమున్న చోట వాడదగినదై ఉండాలి. అయినా అది తినదగినదని అర్థం కాదు: మన రొయ్యలు ఎక్కువగా వెళ్లే అమెరికాలో, ఇలా పొరపాటున కలిసే కందెనల మినరల్ ఆయిల్ ఆహారంలో 10 పీపీఎం (పది లక్షల్లో 10 వంతులు) మించకూడదని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన. కాబట్టి గేర్‌బాక్స్‌ను బెల్టుకు పక్కనో కిందో బిగించండి; పైన తప్పనిసరైతే కింద చుక్కలు పట్టే ట్రే పెట్టండి. పీఏజీ (ఒక రకం సింథటిక్) ఆయిల్ ఉన్నదానిలో మినరల్ ఆయిల్ కలపకూడదు. హాలో షాఫ్ట్ (కన్వేయర్ ఇరుసు దూరే బోలు షాఫ్ట్) రకమైతే రెండు చివర్లా ఓ-రింగుతో మూత ఉండాలి, లేకుంటే కీ గాడిలోకి చేరిన జిగురును ఏ పైపూ కడగలేదు.

బిగించాక, అతినీలలోహిత కాంతిలో మెరిసే రైబోఫ్లావిన్ (విటమిన్ బీ2) ద్రావణం చల్లి, మామూలుగా కడిగించి, చీకట్లో అతినీలలోహిత దీపంతో చూడండి. మెరిసిన ప్రతి చోటా కడుగుడు అందలేదన్నమాట. ఎక్కువగా అది గేర్‌బాక్స్ తిరగకుండా పట్టి ఉంచే టార్క్ ఆర్మ్ బోల్టు దగ్గరో, కరెంటు తీగ లోపలికి వెళ్లే కేబుల్ గ్లాండ్ కిందో కనబడుతుంది.