పాత జీపుకి పవర్ స్టీరింగ్ – 5వ పాఠం: నురగ, పైనున్న ఆ స్క్రూ

ఈ వారం టై రాడ్ (ముందు చక్రాలు రెండిటినీ కలిపే కడ్డీ), టో సెట్టింగ్ (ఆ చక్రాలు ముందువైపు ఎంత లోపలికి చూడాలన్నది) చెప్తానన్నాను. చెప్పడం లేదు. పోయిన పాఠం చూసి పవర్ స్టీరింగ్ పంపు, స్టీరింగ్ బాక్సు బిగించుకున్నవాళ్ళు చాలామంది ఒకటే గోల: ఆయిల్ పోశాం, స్టార్ట్ చేశాం, పంపు కుయ్యిమంటోంది, ఆయిల్ డబ్బా మూత తీస్తే ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ రోజ్ మిల్క్‌లా ఉంది అని. ఇందులో నా తప్పూ ఉంది. "ఆయిల్ పోసి గాలి తీయండి" అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోయాను, అది అందరికీ తెలుసనుకుని.

ముందు ఇంజన్ ఆపండి. నడిపేకొద్దీ నురగ తగ్గదు, పంపు దాన్ని మజ్జిగ చిలికినట్టు ఇంకా చిలుకుతుంది. రాత్రంతా వదిలేస్తే గాలి చాలావరకు తనంతట తనే పైకి వస్తుంది. పొద్దున ముందు చక్రాల యాక్సిల్ లేపి స్టాండ్ల మీద నిలబెట్టి, ఇంజన్ స్టార్ట్ చేయకుండానే స్టీరింగ్‌ని ఈ ఫుల్ కట్ (ఒక పక్కకి తిరిగినంత) నుంచి ఆ ఫుల్ కట్‌కి నెమ్మదిగా తిప్పండి. ఇరవై సార్లు. ఐదుసార్లు తిప్పి చేతులు నొప్పెట్టి స్టార్ట్ చేసినవాళ్ళే నాకు మెసేజ్ పెట్టింది. ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు డబ్బా దగ్గరే నిలబడాలి, ఎందుకంటే లెవెల్ పడిపోయి అడుగు కనిపించిందంటే మళ్ళీ గాలి మింగుతుంది, మళ్ళీ మొదటికి రావాలి. బుడగలు ఆగాక స్టార్ట్ చేసి ఐడిలింగ్‌లోనే మళ్ళీ తిప్పండి. ఫుల్ కట్ దగ్గర మాత్రం పట్టుకుని ఉండకండి, రెండు మూడు సెకన్లు చాలు, అక్కడ వచ్చే చప్పుడు రిలీఫ్ వాల్వ్‌ది (ప్రెషర్ మితిమీరితే ఆయిల్‌ని వెనక్కి వదిలేది), అక్కడ ఆయిల్ గబగబా వేడెక్కుతుంది.

ఇంత చేసినా నురగ వస్తోందంటే గాలి ఎక్కడినుంచో లోపలికి వస్తూనే ఉంది. ఇక్కడ అందరూ ప్రెషర్ పైపు వైపు చూస్తారు. అది కారితే ఆయిల్ బయటికి చిమ్ముతుంది, తెలిసిపోతుంది. మీ దొంగ డబ్బా నుంచి పంపుకి వచ్చే పైపు దగ్గరున్నాడు. అక్కడ పంపు పీలుస్తోంది కాబట్టి క్లిప్పు వదులుగా ఉంటే చుక్క ఆయిల్ కారకుండానే గాలి లోపలికి పోవచ్చు. కింద నేల పొడిగా ఉంది కాబట్టి లీక్ లేదు అనుకుంటారు! ఒకాయన పంపిన ఫోటోలో అక్కడ రేడియేటర్ హోస్ ముక్క ఉంది, ఆయిల్ తగిలి ఉబ్బిపోయి, క్లిప్పు గొట్టం అంచు దాటి ఉత్త రబ్బరు మీద బిగించి ఉంది. ఆయిల్ హోసే వాడండి, కొంచెం పొడుగైనా పర్లేదు, మడత మాత్రం పడకూడదు. రిటర్న్ పైపు కూడా ఆయిల్ లెవెల్ కంటే కిందే డబ్బాలోకి రావాలి, పైనుంచి జలపాతంలా పడితే నురగే. నాకైతే పంపు మీదే డబ్బా ఉండేది నచ్చదు, విడిగా ఉండే తెల్ల ప్లాస్టిక్ డబ్బాయే పెడతాను. మూత తీయకుండానే లెవెల్ కనిపిస్తుంది. ఇనప రజను పట్టుకోవడానికి అడుగున చిన్న అయస్కాంతం కూడా వేస్తాను, అది నా పిచ్చి.

పంపుని తిప్పే బెల్టు గురించి ఇక్కడ చెప్పను. ప్రెషర్ పైపు జాయింట్లలో రాగి వాషర్లు కొత్తవి వేయండి, అంతే.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే విషయం. బాక్సు పైన లాక్ నట్టుతో ఒక స్క్రూ కనిపిస్తుంది. స్టీరింగ్‌లో ప్లే (టైరు కదలకుండా ఉత్తినే తిరగడం) ఉందనగానే ప్రతి మెకానిక్ చెయ్యీ అటే పోతుంది. మీ చెయ్యి పోకూడదు. లోపల సెక్టార్ (చక్రాల వైపు లింకుల్ని తిప్పే షాఫ్ట్) పళ్ళు నడిమధ్యలో కావాలనే కాస్త బిగుతుగా చేస్తారు, తిన్నగా పోయేటప్పుడు ప్లే ఉండకూడదని. పక్కలకి పోయేకొద్దీ కాస్త వదులు ఉంటుంది, అది లోపం కాదు. చక్రాలు ఒక పక్కకి ఉన్నప్పుడు వదులుందని స్క్రూ బిగించారనుకోండి, మధ్యకి రాగానే పట్టేస్తుంది. నా మహీంద్రా ఎంఎం 540 జీపుకి మొదట్లో ఒక మేస్త్రి అలాగే ఒక చుట్టు బిగించాడు, ఊళ్ళో బ్రహ్మాండంగా ఉంది, ప్లే పోయిందని టీ కూడా తాగించాను. మారేడుమిల్లి ఘాట్‌లో మలుపు తిరిగాక స్టీరింగ్ వదిలితే వెనక్కి రాలేదు. నేనే లాగి తిన్నగా తేవాల్సి వచ్చింది, ప్రతి మలుపులో. తర్వాత బాక్సు విప్పితే పళ్ళ మీద గుంటలు.

అసలు ప్లే ఎక్కడుందో చూడండి. టైర్లు నేల మీద, ఇంజన్ ఆన్, హ్యాండ్ బ్రేక్ వేసి, ఒకరు స్టీరింగ్‌ని అటూ ఇటూ కాస్త కదిపితే ఇంకొకరు ఒక్కో జాయింట్ మీద చెయ్యి పెట్టాలి. వేళ్ళు జాయింట్ల మధ్య పెట్టకండి. కాలమ్ (స్టీరింగ్ నుంచి కిందికి వచ్చే కడ్డీ) కింది యూజే జాయింట్, డ్రాప్ ఆర్మ్ (బాక్సు నుంచి వేలాడే చెయ్యి), డ్రాగ్ లింక్ (ఆ ఆర్మ్ నుంచి చక్రం వైపు వెళ్ళే కడ్డీ) రెండు చివరలు, టై రాడ్ ఎండ్లు, కింగ్ పిన్ (చక్రం పక్కలకి తిరిగేది దీని మీదే). ఎక్కడ స్టీరింగ్ వైపు భాగం కదిలి అవతలి భాగం ఆలస్యంగా కదులుతుందో అక్కడే మీ ప్లే. బాక్సే చాసిస్ మీద ఊగుతుంటే చాసిస్ ఛానెల్‌ని శుభ్రంగా తుడిచి టార్చ్ వేసి బోల్టు రంధ్రాల చుట్టూ పగులు చూడండి. మాన్యువల్ బాక్సుకి చేసిన చాసిస్ మీద పవర్ బాక్సు గుంజితే అక్కడే చీలుతుంది, లోపల ప్లేటు వేసి వెల్డింగ్ చేయించే వరకు బండి బయటికి తీయకండి.

ఇవన్నీ బాగున్నాకే స్క్రూ. అదీ డ్రాగ్ లింక్ విప్పేసి, కట్ నుంచి కట్‌కి చుట్లు లెక్కపెట్టి సరిగ్గా సగంలో ఆపి, లాక్ నట్ వదులు చేసి, గడియారం పెద్ద ముల్లు ఐదు నిమిషాలు నడిచినంత బిగించి, చేత్తో ఆడించి చూసి, మళ్ళీ అంతే.

ఇంటిపని: స్టీరింగ్ రిమ్ మీద, డ్యాష్ మీద టేపు అంటించి, టైరు కదలబోయే వరకు ఎన్ని మిల్లీమీటర్లు ఉత్తినే తిరుగుతుందో కొలవండి. బండి చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, ముప్పై కిలోమీటర్లు నడిపి ఒకసారి, మూడు రోజులు. పైన చెప్పిన ఒక్కో జాయింట్ ముందూ బాగుంటే టిక్కు, ఊగుతుంటే ఇంటూ గుర్తు పెట్టి రాసుకోండి. ఆ కాగితం లేకుండా వచ్చే పాఠంలో టో సెట్ చేయలేం, టై రాడ్ ఎండ్లు ఊగుతుంటే కొలత టేపు పెట్టి కొలిచిన ప్రతిసారీ ఒక్కో లెక్క వస్తుంది.