రన్నింగ్ మేట్ ఎవరో అంచనా కట్టడం ఎలా?

టికెట్ల గురించి ఊహాగానాలు చేయడం తిరుపతి వాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. శాసనసభ ఎన్నికలు ఏడాది దూరంలో ఉండగానే బీ-ఫారం ఎవరి చేతికి వస్తుందో, ఆశావహుల్లో ఎవరు అలుగుతారో, ఎవరిని ఏ పదవితో బుజ్జగిస్తారో టీ కొట్ల దగ్గరా, ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో ఉదయపు నడకలోనూ తేల్చేస్తుంటారు. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన ఇళ్లలో ఈ ఉత్సాహం అమెరికా ఎన్నికల మీదికీ పాకింది. అక్కడ తదుపరి అధ్యక్ష ఎన్నిక 2028 నవంబరు 7న జరుగుతుంది. ట్రంప్ ఇప్పటికే రెండుసార్లు గెలిచినందున అధ్యక్షుడిగా మళ్లీ ఎన్నిక కావడానికి రాజ్యాంగం ఒప్పుకోదు కనుక, ఈసారి రెండు పార్టీల ఉపాధ్యక్ష అభ్యర్థుల (వీరినే రన్నింగ్ మేట్‌లు అంటారు) మీదా అంచనాలు కట్టుకోవచ్చు. అయితే మన టికెట్ల లెక్కను ఉన్నదున్నట్టుగా అక్కడికి మోసుకుపోతే గురి తప్పుతుంది.

మన దేశంలో ఉపరాష్ట్రపతిని పార్లమెంటు సభ్యులు విడిగా ఎన్నుకుంటారు. 2025 సెప్టెంబరులో సి.పి. రాధాకృష్ణన్, జస్టిస్ సుదర్శన్ రెడ్డి తలపడినప్పుడు ఆ పేర్లను ఖరారు చేసింది కూటములే. అమెరికాలో ఓటరు అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థుల జంటకు ఒకే ఓటు వేస్తాడు, ఆ జంటలో రెండో పేరును ఎంచుకునేది మొదటి వ్యక్తే. పార్టీ జాతీయ సదస్సు లాంఛనంగా ఆమోదిస్తుంది, అంతే. 1956లో డెమొక్రాటిక్ అధ్యక్ష అభ్యర్థి ఆడ్లై స్టీవెన్‌సన్ ఆ నిర్ణయాన్ని సదస్సు ప్రతినిధులకే వదిలేస్తే వారు కెనెడీని కాదని కెఫావర్‌ను ఎన్నుకున్నారు. అలాంటి ముచ్చట ఇప్పుడు ఎదురుచూడనక్కరలేదు. కాబట్టి ఆశావహుల జాబితా మీద కంటే ఎంచుకునే మనిషి మీద ఎక్కువ సమయం పెట్టండి.

ముందుగా, కుదరని పేర్లను కొట్టేయండి. ఉపాధ్యక్షుడికీ అధ్యక్షుడి అర్హతలే వర్తిస్తాయి: ముప్పై అయిదేళ్ల వయసు, పద్నాలుగేళ్ల నివాసం, పుట్టుకతో పౌరసత్వం. ఆస్ట్రియాలో పుట్టిన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్, కెనడాలో పుట్టిన జెన్నిఫర్ గ్రాన్‌హోమ్ ఎంత పేరున్న గవర్నర్లైనా ఇక్కడే ఆగిపోతారు. తర్వాత సొంత రాష్ట్రం చిక్కు చూడాలి. ఒక రాష్ట్రపు ఎలక్టర్లు (అధ్యక్ష, ఉపాధ్యక్షులను లాంఛనంగా ఎన్నుకునే ఆ రాష్ట్ర ప్రతినిధులు) తమ రాష్ట్రానికే చెందిన ఇద్దరికీ ఓటు వేయకూడదని పన్నెండో సవరణ చెబుతుంది. 2000లో బుష్, డిక్ చేనీ ఇద్దరూ టెక్సస్ వాసులే. అందుకే చేనీ ఆ జులైలో తన ఓటరు నమోదును వయోమింగ్‌కు మార్చుకున్నారు. ఆ జంటకు చివరికి దక్కినవి 271 ఎలక్టోరల్ ఓట్లు, కావలసినవి 270, టెక్సస్‌వి 32. ఆ చిన్న కాగితం పని జరగకపోతే ఏమయ్యేదో లెక్క వేసుకోండి. 2024లో ట్రంప్ తుది జాబితాలో మార్కో రూబియో పేరు వినిపించినప్పుడు కూడా ఫ్లోరిడా 30 ఓట్ల సంగతి అడ్డు వచ్చింది. ఇక పేరు సెనేటర్‌దైతే, ఆయన గెలిచి కుర్చీ ఖాళీ చేస్తే ఆ రాష్ట్ర గవర్నర్ ఏ పార్టీవాడో చూడండి. తాత్కాలికంగా ఆ స్థానాన్ని నింపే అధికారం చాలా రాష్ట్రాల్లో గవర్నర్‌దే. 2016లో ఎలిజబెత్ వారెన్, షెరాడ్ బ్రౌన్ పేర్లు ఎంత గట్టిగా వినిపించినా, మసాచుసెట్స్, ఒహాయో రెండింటిలోనూ రిపబ్లికన్ గవర్నర్లు ఉండటం వారికి ప్రతికూలమైంది.

మిగిలిన పేర్లను పక్కన పెట్టి, అధ్యక్ష అభ్యర్థిని రెండు ప్రశ్నలు అడగండి. మొదటిది, ఆయనకు ఏది కొరత? వాషింగ్టన్ అనుభవం లేని జార్జియా మాజీ గవర్నర్ కార్టర్ 1976లో సెనేట్‌లో పండిన మాండేల్‌ను తెచ్చుకున్నారు. సెనేట్‌లో నాలుగేళ్లు కూడా నిండని ఒబామా 2008లో విదేశీ వ్యవహారాల కమిటీ అధ్యక్షుడైన బైడెన్‌ను ఎంచుకున్నారు. మతపరమైన సంప్రదాయవాదులకు తన మీద నమ్మకం చాలక 2016లో ట్రంప్‌కు పెన్స్ కావలసి వచ్చారు. అదే ట్రంప్ 2024 నాటికి పార్టీ మొత్తాన్ని చేతిలో పెట్టుకున్నారు కనుక, ఆయనకు బుజ్జగించవలసిన వర్గం ఏదీ మిగలలేదు. అందుకే తన దారినే నడిచే వాన్స్‌ను తీసుకున్నారు. ఒకే మనిషి ఎనిమిదేళ్ల తేడాతో చేసిన ఈ రెండు ఎంపికలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, కొరత మారితే ఎంపిక ఎలా మారుతుందో అర్థమవుతుంది. కొందరు కొరత తీర్చుకోవడానికి బదులు తమ బలాన్నే రెట్టింపు చేసుకుంటారు. 1992లో అర్కాన్సా నుంచి వచ్చిన క్లింటన్, పక్క రాష్ట్రమైన టెనెసీ నుంచి దాదాపు తన ఈడువాడే అయిన అల్ గోర్‌ను తెచ్చుకుని, ఉత్తరం-దక్షిణం తూకం అనే పాత సూత్రాన్ని పక్కకు నెట్టారు.

రెండో ప్రశ్న, అభ్యర్థి ముందంజలో ఉన్నారా, వెనకబడ్డారా? వెనకబడినవారు సాహసం చేస్తారు. 1984లో మాండేల్ జెరల్డీన్ ఫెరారోను, 2008లో మెకెయిన్ సారా పాలిన్‌ను నిలబెట్టింది అందుకే. తామే గెలుస్తామనుకున్నవారు గొడవ తేని మనిషి కోసం చూస్తారు. 2016లో హిల్లరీ క్లింటన్ టిమ్ కెయిన్‌ను ఎంచుకోవడం అలాంటిదే. మన దగ్గర టికెట్ పోరులో తిట్టుకున్నవారు ఒకే వేదిక ఎక్కరనే లెక్కతో ప్రత్యర్థుల పేర్లను కొట్టేయకండి. 2019 జూన్ చర్చలో బైడెన్‌ను నిలదీసిన కమలా హారిస్‌నే ఆయన 2020 ఆగస్టు 11న తన జంటగా ప్రకటించారు. రీగన్ 1980లో, కెనెడీ 1960లో ఎంచుకున్నదీ తమ మీద పోటీ పడినవారినే.

మనం ఎక్కువగా పొరబడేది సొంత రాష్ట్రం బలం దగ్గర. 'ఫలానా రాష్ట్రం కావాలి కాబట్టి ఫలానా మనిషి' అనే వాదం వినగానే నమ్మబుద్ధవుతుంది. ఓట్ల లెక్కింపులో అది చాలాసార్లు నిలబడలేదు. డుకాకిస్ 1988లో టెక్సస్ సెనేటర్ బెంట్సన్‌ను తీసుకుని టెక్సస్‌లో ఓడారు. కెర్రీ 2004లో ఎడ్వర్డ్స్‌తో నార్త్ కరోలినాలోనూ, రామ్నీ 2012లో పాల్ రయన్‌తో విస్కాన్సిన్‌లోనూ ఓడారు. తిరుపతి ఓటరుకు ఇది వింతేమీ కాకూడదు. 2009లో చిరంజీవి సొంత గోదావరి గడ్డ మీద, పాలకొల్లులో ఓడి, ఇక్కడ మన తిరుపతిలో గెలిచారు. జాన్సన్ తోడుతో కెనెడీ టెక్సస్‌ను గెలుచుకున్న 1960 నాటి ఉదాహరణను అందరూ ఎత్తుకుంటారు గానీ, ఆ ఒక్కదాని మీద అంచనా నిలబెట్టకండి. అలాగే మన అభిమానానికీ మార్కులు వేయకూడదు. వాన్స్ భార్య ఉష పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు కావడం మనకు సంబరమే గానీ, ఎంపిక చేసేవారి లెక్కలో ఆ ఊరికి చోటు లేదు.

తుది జాబితాలోని వారి పూర్వాపరాలను న్యాయవాదుల బృందాలు ఆదాయపు పన్ను పత్రాల దాకా తవ్వి చూస్తాయి. ఈ తనిఖీ ఇంత కఠినం కావడానికి పెద్ద కారణం 1972 అనుభవం. మెక్‌గవర్న్ ఎంచుకున్న థామస్ ఈగిల్టన్ గతంలో మానసిక కుంగుబాటుకు విద్యుత్ షాక్ చికిత్స తీసుకున్న సంగతి బయటపడటంతో పద్దెనిమిది రోజులకే తప్పుకోవలసి వచ్చింది. అందువల్ల ఇంతకు ముందే దేశవ్యాప్త ప్రచారంలో నలిగి, పత్రికల పరిశోధనను తట్టుకున్న పేరుకు కొంచెం ఎక్కువ శాతం ఇవ్వడం తెలివైన పని.

లీకులకు మాత్రం అతి తక్కువ విలువ కట్టండి. 2004లో న్యూయార్క్ పోస్ట్ పత్రిక మరో ఆశావహుడైన గెఫార్ట్ పేరును మొదటి పేజీలో అచ్చు వేసిన రోజే కెర్రీ ఎడ్వర్డ్స్‌ను ప్రకటించారు. 2024 ఆగస్టు 6న హారిస్ తన రన్నింగ్ మేట్‌తో కలిసి తొలి సభను ఫిలడెల్ఫియాలో పెడుతున్నారని తెలియగానే, పెన్సిల్వేనియా గవర్నర్ షపీరోయే ఖాయమని చాలామంది తేల్చేశారు, ఆ నగర మేయర్ విడుదల చేసిన ఒక వీడియో కూడా ఆ నమ్మకాన్ని బలపరిచింది. వేదిక ఎక్కింది మినెసోటా గవర్నర్ టిమ్ వాల్జ్. నిజంగా తెలిసినవారు దాచడానికి ఎంత దూరమైనా వెళ్తారు. విలేఖరులు కాపు కాస్తున్నారని 2012లో పాల్ రయన్ తన ఇంటి వెనక చెట్ల మధ్య నుంచి నడుచుకుంటూ బయటపడ్డారు. 2000లోనైతే బుష్ కోసం ఉపాధ్యక్ష అభ్యర్థిని వెతికే బాధ్యత చేనీదే, చివరికి ఎంపికైందీ చేనీయే. వెతికే పనిలో ఉన్నవారి పేరు కూడా మీ కాగితం మీద ఉండాలన్నమాట.

తేదీల విషయం సులభం. అధికారంలో లేని పార్టీ ముందుగా సదస్సు జరుపుకోవడం ఆనవాయితీ, పేరు సాధారణంగా సదస్సుకు ముందో, సదస్సు మొదలైన రోజునో వస్తుంది. 2024 జులై 15న మిల్వాకీ సదస్సు తొలి రోజు మధ్యాహ్నం ట్రంప్ వాన్స్ పేరు ప్రకటించేసరికి మనకు అర్ధరాత్రి దాటింది. ఎండాకాలంలో న్యూయార్క్ సమయానికి తొమ్మిదిన్నర గంటలు కలిపితే మన సమయం వస్తుంది.

అంచనాను నోటితో చెప్పి వదిలేయకుండా, తేదీ వేసి కాగితం మీద రాయండి. నాలుగైదు పేర్లు, చివర 'ఇతరులు', మొత్తం నూరు శాతం కావాలి. 'ఇతరులు'కు పదిహేను శాతం కంటే తక్కువ ఇవ్వకండి, ఎందుకంటే 1988లో సీనియర్ బుష్ ఎంచుకున్న క్వేల్, 2008లో పాలిన్ ఆ వరుసలోంచే వచ్చారు. వారానికి ఒకసారి దిద్దుకోండి, ప్రతి వార్తకూ కాదు. డబ్బు పందేలు కట్టకండి. అది చట్టం ఒప్పుకోని పని, పైగా స్నేహాలు చెడతాయి.

ఫలితం వచ్చాక తీర్పు ఇలా లెక్కించండి. ఎంపికైన పేరుకు ఒకటి, మిగతా వాటికి సున్నా అనుకుని, మీరిచ్చిన వాటాకూ దానికీ ఉన్న తేడాను వర్గం చేసి అన్నీ కూడండి. 2024లో ఒకరు షపీరోకు 60, అరిజోనా సెనేటర్ కెల్లీకి 20, వాల్జ్‌కు 10, ఇతరులకు 10 శాతం ఇచ్చారనుకుంటే మొత్తం 1.22 వస్తుంది. షపీరోకు 35, వాల్జ్‌కు 30, కెల్లీకి 20, ఇతరులకు 15 ఇచ్చినవారికి 0.675 వస్తుంది. ఇద్దరూ షపీరోనే ముందు పెట్టారు గానీ, తక్కువ అంకె వచ్చిన రెండో వారిదే పైచేయి.