విబూది పూసుకున్న మిగ్-21ని ఎలా బాగుచేశానంటే

మాది తిరుపతి. 1/72 స్కేలు (అసలు దాంట్లో 72వ వంతు) మిగ్-21 యుద్ధవిమానం ప్లాస్టిక్ మోడల్, జానెడు పొడవుంటుంది, చెయ్యడానికి మూడు వారాలు పట్టింది. మొదట్లోనే ఒక దెబ్బ: మాస్కింగ్ టేపు లాగితే అక్రిలిక్ రంగు పొరలాగా ఊడొచ్చింది. అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి వాడే జిడ్డు భాగాల మీద మిగిలి ఉంటుంది, నేనేమో కడక్కుండానే ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందు వేసే పూత) కొట్టేశాను. రంగంతా తీసేసి, గిన్నెలు తోమే లిక్విడ్‌తో పాత టూత్‌బ్రష్ పెట్టి కడిగి, మళ్లీ ప్రైమర్ వేసి ఒక రోజంతా ముట్టుకోలేదు. ఆ గొడవ తీరింది.

అసలు టెన్షన్ చివర్లో. నవంబరు, మన వైపు వానలెప్పుడో తెలుసు కదా, ముసురు పట్టి ఉన్నా ఆగలేక మిద్దె మీద మ్యాట్ వార్నిష్ (మెరుపు లేకుండా చేసే ఆఖరి పూత) స్ప్రే కొట్టాను. కాసేపటికి విమానమంతా తెల్లగా అయిపోయింది. "ఏంది, దీనికీ విబూది పూసినారా?" అంది మా ఆవిడ.

గాలిలో తేమ ఎక్కువున్నా, వార్నిష్ దళసరిగా పడినా ఇలా అవుతుంది. పైపొర గరుకుగా మారి వెలుతురు చెదిరిపోతుంది కాబట్టే తెల్లగా కనిపిస్తుంది, కింద రంగు బాగానే ఉంటుంది. ఎండ వచ్చేదాకా ఆగి, ముందు రెక్క అడుగున కొంచెం చూసుకుని, మెరిసే రకం (గ్లాస్) అక్రిలిక్ వార్నిష్ బ్రష్‌తో పలచగా వేశాను. ఆ గరుకంతా నిండి రంగు మళ్లీ తేలింది! మర్నాడు డబ్బాను బాగా ఊపి, జానెడు పైనుంచి మ్యాట్ పలచగా రెండుసార్లు. తోక కింద చిన్న మచ్చ మిగిలింది, అది నాకు తప్ప ఎవరికీ కనిపించదు.