కంపనం ఇచ్చినా కోత మారలేదా? ముందు స్పీడ్ చూడండి

విశాఖ ఆటోనగర్‌లో మా లేత్ మీదకి టైటానియం, ఇంకోనెల్ (వేడిని తట్టుకునే నికెల్ మిశ్రలోహం) జాబ్, అంటే కోయాల్సిన ముక్క, వచ్చిందంటే ఇన్సర్టులు (టూల్‌కి మొనగా బిగించే కోత ముక్కలు) గబగబా అరిగిపోతాయి. ఈ లోహాల్లో వేడి పక్కకు పాకదు, టూల్ మొన దగ్గరే నిలిచిపోతుంది. అందుకే మొనకి అల్ట్రాసోనిక్ కంపనం ఇస్తాం. సెకనుకు 20 వేల సార్లు మొన చిప్‌ని (కోతలో లేచే లోహపు పొట్టుని) విడిచి మళ్లీ తాకుతుంది. ఆ విడిపోవడం వల్లే కోత బలం, వేడి తగ్గుతాయి. విడిపోకపోతే కరెంటు దండగ.

సమస్య: కంపనానికి కరెంటు ఇచ్చే జనరేటర్ ఆన్‌లోనే ఉంది, ఫినిష్‌లో తేడా లేదు.

కారణం: చాలాసార్లు స్పీడే. కంపనం కోత దిశలో ఉన్నప్పుడు, జాబ్ స్పీడ్ మొన గరిష్ఠ కంపన వేగాన్ని దాటితే మొన చిప్‌ని వదలదు. ఆ హద్దు 2 × 3.14 × ఫ్రీక్వెన్సీ × ఆంప్లిట్యూడ్ (మొన మధ్య నుంచి ఒక పక్కకి కదిలే దూరం). 20 కిలోహెర్ట్జ్, 10 మైక్రాన్లకి నిమిషానికి 75 మీటర్లు. నేను 50 మి.మీ. టైటానియం బార్‌ని 600 ఆర్‌పీఎంలో తిప్పాను, అంటే 94 మీటర్లు. రెండు రోజులు జనరేటర్‌నే అనుమానించాను.

పరిష్కారం: హద్దులో మూడో వంతుకు దిగండి. అదే బార్‌కి 160 ఆర్‌పీఎం చాలు. తగ్గించినా తేడా లేకపోతే, జాబ్‌కి దూరంగా మొన మీద నీటి చుక్క వేసి ఆన్ చేయండి. చుక్క పొగమంచులా ఎగిరిపోతే కంపనం అందుతున్నట్టే. ఎంత అందుతోందో మైక్రోస్కోప్ చెబుతుంది: మొన మీద మెరిసే చుక్క గీతలా సాగుతుంది, ఆ గీతలో సగమే ఆంప్లిట్యూడ్.

సమస్య: ఇన్సర్ట్ అంచు పెచ్చులూడుతోంది.

కారణం: మొన సెంటర్ (జాబ్ తిరిగే అక్షం) ఎత్తులో లేదు. కంపనం కొంత జాబ్ లోపలి వైపు తిరిగి, టూల్ కింది ముఖం జాబ్‌ని గుద్దుతోంది.

పరిష్కారం: లేత్ రెండో చివర ఉండే టెయిల్‌స్టాక్ సెంటర్‌తో ఎత్తు సరిచూడండి. గట్టిదనం కన్నా దెబ్బకు ఓర్చుకునే కార్బైడ్ గ్రేడ్ వాడండి. జాబ్‌ని తాకకముందే కంపనం ఆన్ చేసి, టూల్ వెనక్కి తీశాకే ఆపండి.

సమస్య: కీచుమనే చప్పుడు, హార్న్ (కంపనాన్ని మొనకి చేర్చే లోహపు కడ్డీ) వేడెక్కడం.

కారణం, పరిష్కారం: 20 కిలోహెర్ట్జ్ మామూలుగా చెవికి వినపడదు. చప్పుడు వస్తోందంటే ఎక్కడో జాయింట్ వదులైంది. ఇన్సర్ట్ స్క్రూ, హార్న్ బోల్టు బిగించండి. హార్న్‌ని కంపనం లేని చోటే, అంటే నోడ్ దగ్గరే పట్టుకోవాలి. ఇన్సర్ట్ మార్చిన ప్రతిసారీ ట్యూనింగ్ మళ్లీ చేయాలి, కొద్దిపాటి బరువు తేడాకే రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ (కంపనం బాగా పెరిగే ఫ్రీక్వెన్సీ) మారిపోతుంది. మన సముద్రపు గాలికి కనెక్టర్ పిన్నులు పచ్చబారతాయి, వాటినీ తుడవండి. కానీ మెయిన్ ఆపి కాసేపు ఆగాకే చెయ్యి పెట్టండి, కరెంటుని కంపనంగా మార్చే ట్రాన్స్‌డ్యూసర్‌కి వెళ్లేది వందల వోల్టులు.