ఎపిడ్యూరల్ లేకుండా తొలి కాన్పుకు ఎలా సిద్ధం కావాలి?

వెన్నెముకలోకి సన్నని గొట్టం పంపి, దాని ద్వారా మందు ఎక్కిస్తూ నడుము కింది భాగానికి నొప్పి తెలియకుండా చేయడాన్ని ఎపిడ్యూరల్ అంటారు. దానికి మత్తు డాక్టరు రాత్రీ పగలూ అందుబాటులో ఉండాలి కనుక, పెద్ద నగరాల్లోని కొన్ని ఆసుపత్రుల్లో తప్ప మన వైపు అది సులువుగా దొరకదు. కొందరు దాన్ని కోరి వద్దనుకుంటారు, ఎక్కువ మందికి అసలు ఆ ప్రశ్నే ఎదురు కాదు. నేను రెండో కోవకు చెందినదాన్ని. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లాక, ఆ ఊళ్లో ఆ సౌకర్యం లేదని తెలిసి రెండు రోజులు బెంగపడి, మూడో రోజు నుంచి సిద్ధపడటం మొదలుపెట్టాను. అప్పుడు తెలుసుకున్నవీ, ఆ రాత్రి నిజంగా పనికొచ్చినవీ ఇక్కడ వరుసగా చెబుతున్నాను. ఇవి నెలలు నిండి, బిడ్డ తల కిందికి తిరిగి, ఇతర సమస్యలేవీ లేని తల్లులకు వర్తిస్తాయి. బీపీ, షుగరు, కవలలు, మాయ కిందికి ఉండటం వంటివి ఉన్నవారు తమ డాక్టరు చెప్పినట్టే నడుచుకోవాలి.

ఏడో నెల నుంచే ఆసుపత్రిని అడగవలసినవి

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. కాబట్టి మత్తు లేకుండా కనాలనుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది ఓర్పు సంగతి కాదు, సాధారణ కాన్పు కోసం గంటల తరబడి వేచి చూసే అలవాటు ఆ ఆసుపత్రికి ఉందా అన్నది. లేబర్ రూములోకి తోడును రానిస్తారా, నొప్పుల మధ్య లేచి నడవనిస్తారా, నీళ్లు తాగనిస్తారా, బిడ్డ బయటికి వచ్చే దారి దగ్గర కోత అందరికీ పెడతారా లేక అవసరమైతేనే పెడతారా, నొప్పి భరించలేకపోతే ఇవ్వడానికి ఏ మందులున్నాయి అనే ఈ ఐదు ప్రశ్నలకు సూటిగా జవాబు రాబట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో విడుదల చేసిన మార్గదర్శకాలు తోడునూ, నడకనూ, తినడం తాగడాన్నీ సమర్థిస్తాయి, అందరికీ కోత పెట్టడాన్ని సమర్థించవు. ప్రభుత్వ ఆసుపత్రుల లేబర్ రూముల కోసం కేంద్రం 2017లో మొదలుపెట్టిన లక్ష్య కార్యక్రమం కూడా తోడు ఉండాలనే చెబుతుంది. అడిగినందుకు డాక్టరు విసుక్కుంటే, ఆ విసుగే మీకు జవాబు.

తోడుగా ఎవరుండాలో కూడా అప్పుడే నిర్ణయించుకోవాలి. ప్రేమ ఉన్నవారందరూ ఈ పనికి పనికిరారు. మీ నొప్పి చూసి తాము ఏడ్చేవారికంటే, మీ చేయి పట్టుకుని గడియారం చూడగలిగేవారు మేలు. మా అమ్మ కంటతడి పెట్టే మనిషని తెలిసి నేను మా పిన్నిని అడిగాను, అమ్మ బయట ఉండి గంజి, వేడినీళ్లు చూసుకుంది.

రోజూ చేయవలసిన సాధన

దీనికి పెద్ద తరగతులేమీ అక్కర్లేదు. డాక్టరు సరేనంటే రోజూ అరగంట నడవండి, పీటమీద కూర్చుని లేవండి, పిల్లలు పాకినట్టు మోకాళ్లూ చేతులూ ఆనించి నడుమును మెల్లగా ఊపండి. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఊపిరి. ముక్కుతో మామూలుగా పీల్చి, వేడి పాలను ఊది చల్లార్చినట్టు నోటితో నెమ్మదిగా, చాలాసేపు వదలాలి. వదిలేటప్పుడు భుజాలు, దవడ, పిరుదులు సడలించాలి. దీన్ని హాయిగా ఉన్నప్పుడు చేస్తే ఏమీ తెలియదు కనుక, నేను మంచుగడ్డను గుప్పిట్లో ఒక నిమిషం పట్టుకుని సాధన చేసేదాన్ని. చేయి జివ్వుమని లాగుతున్నా భుజం బిగుసుకోకుండా ఊపిరి వదలగలిగితే, ఒక నొప్పిని ఎలా దాటాలో కొంత తెలిసినట్టే. ఎనిమిదో నెల చివరి నుంచి మర్మస్థానం దగ్గర శుభ్రమైన నూనెతో మర్దన చేసుకుంటే చిరుగులు తగ్గే అవకాశం ఉంది, పద్ధతిని నర్సును అడిగి నేర్చుకోండి. నొప్పులు త్వరగా రావాలని ఇంట్లో పెద్దలు ఆముదం తాగమంటారు. డాక్టరును అడగకుండా మాత్రం తాగవద్దు, వాంతులు, విరేచనాలతో నీరసించి కాన్పు మొదలుపెట్టడం కంటే అన్యాయం లేదు.

ఇంట్లో ఉండగా

దొంగ నొప్పులు నడిస్తే, పడుకుంటే, నీళ్లు తాగితే తగ్గిపోతాయి. అసలు నొప్పులు ఏం చేసినా తగ్గవు, పైగా దగ్గర పడుతూ, బలపడుతూ పోతాయి. రక్తపు చారలున్న జిగురు కనబడటం కూడా ఒక గుర్తే కానీ, అది కనబడిన వెంటనే పరుగెత్తవలసిన పని లేదు. నాకు రాత్రి రెండు గంటలకు నడుములో మొదలైంది. అమ్మ చించేసిన క్యాలెండరు కాగితం వెనుక ఒక్కో నొప్పి వచ్చిన సమయం, ఉన్న సెకన్లు రాస్తూ పోయింది. తెల్లవారేసరికి ఆ కాగితం నిండింది గానీ, నొప్పుల మధ్య ఎడం మాత్రం పన్నెండు నిమిషాల దగ్గరే నిలిచింది.

తొలిచూలులో ఈ దశ ఎంతసేపైనా ఉండవచ్చు, కొందరికి ఒక రోజు దాటుతుంది. చాలామంది చేసే పొరపాటు, మొదటి నొప్పికే నిద్ర మానుకుని, నడిచి నడిచి అలసిపోవడం. రాత్రయితే పడుకోండి, పగలైతే మామూలు పనులు చేసుకోండి. ఇడ్లీ, గంజి, మజ్జిగ, కొబ్బరి నీళ్లు కొద్దికొద్దిగా తీసుకోండి. వీపు మీద గోరువెచ్చని నీళ్లు పోయించుకుంటే ఎంత ఉపశమనమో, అనుభవించినవారు అతిశయంగా చెబుతున్నారనుకునేదాన్ని, కాదు.

నొప్పులు ఐదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కొక్కటి నిమిషంపాటు, గంటసేపు అలాగే వస్తుంటే బయలుదేరాలి. ఆసుపత్రి దూరమైతే ఇంకా ముందే కదలాలి. ఉమ్మనీరు పోయినా, ఆ నీరు పచ్చగా ఉన్నా, రక్తం పోతున్నా, బిడ్డ కదలికలు తగ్గినా, జ్వరం వచ్చినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, 37 వారాలు నిండకముందే నొప్పులు వచ్చినా లెక్కలు వేసుకుంటూ కూర్చోకుండా వెంటనే వెళ్లాలి.

లేబర్ రూములో: నొప్పికీ నొప్పికీ మధ్య

గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి అసలు దశ మొదలైనట్టు. అక్కడి నుంచి 10 సెంటీమీటర్లకు చేరడానికి తొలి కాన్పులో సాధారణంగా 12 గంటలకు మించదు. 12 గంటలు అని వినగానే గుండె జారిపోవడం సహజమే, నాకూ జారింది. కానీ ఒక చిన్న లెక్క చూడండి. పది నిమిషాలకు మూడు నొప్పులు, ఒక్కొక్కటి 45 సెకన్లు అనుకుంటే, గంటలో నొప్పి ఉండేది పద్నాలుగు నిమిషాల లోపే, మిగిలిన నలభై ఆరు నిమిషాలూ విరామం. మత్తు లేని కాన్పు నడిచేదల్లా ఆ విరామం మీదే. వచ్చిన నొప్పిని తలుచుకుంటూ, రాబోయేదానికి భయపడుతూ ఆ నలభై ఆరు నిమిషాలనూ బిగుసుకుని గడిపితే, గంటంతా నొప్పిపడినట్టే అవుతుంది. నొప్పి తగ్గగానే ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి, ఒళ్లంతా వదులు చేసి, కళ్లు మూసుకోండి. నేను రెండేసి నిమిషాలు నిజంగా నిద్రపోయాను, కలలు కూడా వచ్చాయి.

నొప్పి వచ్చినప్పుడు చేయవలసింది ఇది. అది మొదలవుతున్నట్టు తెలియగానే వేడి పాలు ఊదే ఊపిరి మొదలుపెట్టాలి, పూర్తిగా ముదిరాక మొదలుపెడితే అందుకోలేరు. నొప్పి చకచకా పెరిగి, కాసేపు శిఖరాన నిలిచి, దిగిపోతుంది. తోడున్నవారు సెకన్లు లెక్కపెడుతూ, సగం దాటగానే ఆ మాట చెవిలో చెప్పాలి. "సగం అయిపోయిందే, ఇక దిగడమే" అని మా పిన్ని ప్రతిసారీ అదే గొంతుతో చెప్పిన ఆ నాలుగు మాటలు నాకు ఏ మందుకూ తీసిపోలేదు. అరవాలనిపిస్తే అరవండి గానీ, కీచుమని కాకుండా లోతుగా మూలిగినట్టు అరవండి, గొంతు పైకి లేచిందంటే దవడా ఒళ్లూ బిగుసుకుంటాయి.

వెల్లకిలా పడుకుంటే గర్భాశయం బరువు పెద్ద రక్తనాళం మీద పడటమే కాక నొప్పి కూడా ఎక్కువగా తెలుస్తుంది. నన్ను మొదట అలాగే పడుకోబెట్టారు, కదలవద్దన్నారు కూడా. డ్యూటీ మారి వచ్చిన సిస్టరు చూసి, "పక్కకు తిరగమ్మా, మంచం నీదే" అన్నాక నాకు సగం ప్రాణం లేచొచ్చింది. నిలబడి గోడకో మనిషికో ఆనుకోవడం, మోకాళ్ల మీద ఉండటం, ఎడమ పక్కకు పడుకోవడం వంటివాటిలో ఏది హాయిగా ఉంటే అది, అరగంటకోసారి మారుస్తూ ఉండండి. నొప్పి అంతా నడుములోనే ఉంటే, బిడ్డ వీపు మీ వీపు వైపు తిరిగి ఉండవచ్చు. అప్పుడు నడుము కింది ఎముక మీద తోడున్నవారు అరచేతి మడమతో నొప్పి ఉన్నంతసేపూ గట్టిగా అదిమి పట్టాలి. రుద్దడం కాదు, అదమడం. రెండు గంటలకోసారి మూత్రానికి వెళ్లాలి, నిండిన మూత్రాశయం బిడ్డ తలకు అడ్డం.

నొప్పులు పెంచే మందు కలిపిన సెలైన్ పెడతామంటే ఎందుకో అడగండి. అవసరమైతే కాదనకూడదు, కానీ ఆ మందుతో నొప్పులు బలంగా, దగ్గర దగ్గరగా వచ్చి విరామం తగ్గుతుందని తెలిసి ఉండాలి.

8 సెంటీమీటర్లు దాటాక ఒళ్లు వణుకుతుంది, వాంతి వస్తుంది, ఎవరిమీదో తెలియని కోపం వస్తుంది, "ఇక నావల్ల కాదు, ఆపరేషన్ చేసేయండి" అని చాలామంది అనేది ఇక్కడే. నేనూ అన్నాను. ఈ ఘట్టం కష్టమైనదే గానీ పొట్టిది, ఆ మాట వచ్చిందంటే తోడున్నవారు భయపడకుండా చివరికి వచ్చామని గుర్తించాలి. అయితే తల్లి నిజంగానే అలసిపోయి, విరామంలో కూడా అదే కోరుతుంటే ఆమె మాట వినాలి. నొప్పి తగ్గించే సూదులున్నాయి, కొన్ని చోట్ల మాస్కుతో పీల్చే గ్యాసు ఉంటుంది. సూది కాన్పుకు మరీ దగ్గరగా ఇస్తే బిడ్డ మగతగా పుట్టవచ్చు కనుక సమయం డాక్టరు చూస్తారు. మాస్కు అయితే నొప్పి మొదలవుతూనే పీల్చాలి, పని చేయడానికి అర నిమిషం పడుతుంది. మందు అడిగిన తల్లి ఎవరికీ ఏ బాకీ పడలేదు.

ముక్కే దశ

పూర్తిగా తెరుచుకున్నాక విరేచనానికి వచ్చినట్టు కిందికి బలమైన ఒత్తిడి వస్తుంది. అది రాగానే నర్సుకు చెప్పండి, పరీక్షించి సరేననేదాకా ముక్కవద్దు. తొలి కాన్పులో ఈ దశ మూడు గంటల వరకూ పట్టవచ్చు. ఎపిడ్యూరల్ లేకపోవడం వల్ల ఇక్కడొక మేలుంది, ఎప్పుడు ముక్కాలో మీ ఒళ్లే చెబుతుంది. గడ్డం ఛాతీకి ఆనించి, బలాన్ని ముఖంలోకి కాక కిందికి పంపాలి. ముఖం ఎర్రబడి కళ్లు పొడుచుకొస్తున్నాయంటే బలం దారి తప్పినట్టు. తల కనబడేటప్పుడు నిప్పు తాకినట్టు మంటపుడుతుంది. సరిగ్గా అప్పుడే ముక్కడం ఆపి, కుక్కపిల్ల వగర్చినట్టు చిన్న చిన్న ఊపిరులు తీయాలి. ఆ కొద్ది క్షణాల నిదానం వల్ల చర్మం నెమ్మదిగా సాగి, చిరుగు తగ్గుతుంది.

బిడ్డ పుట్టాక

బిడ్డ ఏడ్చిందంటే అంతా అయినట్టు కాదు. రక్తస్రావం ఆగడానికి తొడకు ఒక సూది ఇస్తారు, మాయ సాధారణంగా అరగంట లోపు పడుతుంది. బిడ్డ బాగుంటే కనీసం ఒక నిమిషం ఆగి బొడ్డుతాడు కోయమనీ, తుడిచి నేరుగా మీ ఛాతీ మీద పడుకోబెట్టమనీ ముందే చెప్పి ఉంచండి. ముర్రుపాలు తొలి గంటలోనే పట్టాలి. కుట్లు పడవలసి వస్తే అక్కడికి మాత్రం మత్తు సూది తప్పక అడగండి. అంత నొప్పి ఓర్చుకున్నదానికి ఇదొక లెక్కా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, కాన్పు నొప్పికి విరామం ఉంటుంది, కుట్ల నొప్పికి ఉండదు.

కాళ్లలో స్పర్శ పోలేదు కనుక కొద్ది గంటల్లోనే లేచి నడవగలుగుతారు. మొదటిసారి మాత్రం మంచం మీద కాసేపు కూర్చుని, కళ్లు తిరగడం లేదని చూసుకుని, ఎవరైనా చేయి పట్టుకోగా బాత్రూముకు వెళ్లండి. ఆరు గంటలు గడిచినా మూత్రం రాకపోయినా, గంటలోపే ప్యాడు పూర్తిగా తడిసిపోయినా మొహమాటపడకుండా సిస్టరును పిలవండి.