కనీస వసతులు లేని చోట ఆరుబయట ఉండటానికి సామాను ఎలా సిద్ధం చేసుకోవాలి?

కరెంటు, కుళాయి, పైకప్పు ఏవీ లేని చోట నాలుగైదు రోజులు గడపవలసి వచ్చినప్పుడు, అది అడవిలో పని మీదైనా, ఇల్లు దెబ్బతిని బయట తలదాచుకోవలసి వచ్చినా, మనిషిని ఆకలి కంటే ముందుగా కుంగదీసేవి తడి, చలి, దాహం, నిద్రలేమి. ఆరోగ్యంగా ఉన్నవారు తిండి లేకుండా చాలా రోజులు తట్టుకోగలరు కానీ, నీళ్లు లేకపోతే రెండు మూడు రోజులకే పరిస్థితి విషమిస్తుంది. తడిసిన బట్టలతో చలిగాలిలో ఉంటే కొన్ని గంటల్లోనే ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందువల్ల సామాను కూడా అదే వరుసలో సమకూర్చుకోవాలి: ముందు పొడిగా ఉండే చోటు, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే పొయ్యి, పనిముట్లు, మిగిలినవన్నీ.

పైకప్పు, పడక

ఒకరిద్దరికి సుమారు 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న టార్పాలిన్ సరిపోతుంది. అంచుల వెంట లోహపు రింగులు దగ్గర దగ్గరగా ఉన్నదాన్ని, పట్టుకుని లాగితే రింగు దగ్గర చిరగనిదాన్ని ఎంచుకోవాలి. దానితోపాటు 3 లేదా 4 మిల్లీమీటర్ల మందమున్న నైలాన్ తాడు 25 మీటర్ల వరకు తీసుకుని, 10 మీటర్ల ముక్క ఒకటి, మిగిలింది రెండున్నర మీటర్ల ముక్కలుగా ఆరు కోసుకుని, తెగిన కొసలు పీచు లేవకుండా మంటకు చూపి కరిగించాలి. ఆరు మేకులు కూడా ఉంటే పైకప్పు సామాను పూర్తయినట్లే.

చోటు ఎంచుకునేటప్పుడు ముందు తల పైకెత్తి చూడాలి. ఎండిపోయి వేలాడుతున్న కొమ్మ కింద, ఒంటరిగా ఎత్తుగా నిలిచిన చెట్టు కింద పడక వేయకూడదు. ఎండిన వాగు గర్భం మెత్తటి ఇసుకతో ఎంత చదునుగా కనిపించినా అక్కడ పడుకోకూడదు, ఎందుకంటే ఎగువన ఎక్కడో కురిసిన వాన మన దగ్గర చుక్క పడకముందే వరదగా వచ్చేయవచ్చు. చుట్టుపక్కల నేల కంటే కొద్దిగా మెరకగా ఉండి, నీరు నిలిచిన గుర్తులు లేని చోటు మంచిది.

పొడవు తాడును రెండు చెట్ల మధ్య ఛాతీ ఎత్తులో, గాలి ఎక్కువగా ఉంటే నడుము ఎత్తులో కట్టాలి. ఒక కొసకు గట్టి ముడి వేసి, రెండో కొసను చెట్టు చుట్టూ తిప్పి మళ్లీ అదే తాడు మీదకు తెచ్చి, ఉచ్చు లోపలి వైపు రెండు చుట్లు, బయటి వైపు ఒక చుట్టు వేసి లాగితే, చేత్తో జరిపినప్పుడు జరుగుతూ, బరువు పడ్డప్పుడు మాత్రం బిగుసుకుపోయే ముడి తయారవుతుంది. ఈ ఒక్క ముడి బాగా వస్తే మిగతావి రాకపోయినా పని నడుస్తుందని నా అభిప్రాయం. తాడు మీదుగా టార్పాలిన్‌ను రెండు వాలులుగా వేసి, గాలి వచ్చే వైపు అంచును నేలకు దగ్గరగా దించి, మేకుల తలలు టార్పాలిన్‌కు దూరంగా ఒరిగేలా ఏటవాలుగా దిగగొట్టాలి. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది కనుక వాన మొదలయ్యాక ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి బిగించుకోవాలి.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. వాన నీరు తాడు వెంట జారుతూ చూరు లోపలికి వచ్చి, సరిగ్గా తల మీద చుక్కలుగా రాలుతుంది. టార్పాలిన్ మొదలయ్యే చోటికి బెత్తెడు బయట, తాడుకు జానెడు నూలు దారం కట్టి కిందికి వదిలేస్తే నీరంతా ఆ దారం వెంట అక్కడే దిగిపోతుంది. కింద పరిచే పట్టా కూడా చూరు కంటే చిన్నదిగా ఉండాలి. దాని అంచు బయటికి వచ్చిందంటే, పైనుంచి జారిన నీళ్లను అదే పట్టి మన పక్క కిందికి చేరుస్తుంది.

పడుకున్నప్పుడు నేల ఒంటి వేడిని అదేపనిగా లాగేస్తుంది. కప్పుకోవడానికి రెండో దుప్పటి కంటే కిందికి మంచి ఫోమ్ చాప ఎక్కువ మేలు చేస్తుంది. అది లేనప్పుడు ఎండు ఆకులు, గడ్డి పరిచి, మనిషి బరువుకు అణిగిన తర్వాత కూడా జానెడు మందం మిగిలేలా చూసుకోవాలి. ఒక జత బట్టలను రెండు పాలిథీన్ సంచుల్లో చుట్టి పడకకు మాత్రమే కేటాయించాలి, పగలు ఎంత తడిసినా వాటిని తీయకూడదు. తడిసిన నూలు బట్ట వెచ్చదనాన్ని దాదాపుగా కోల్పోతుంది కనుక చలి ప్రాంతమైతే ఆ జత ఉన్నిదైతే మంచిది. దోమతెరను వేలాడదీసి వదిలేయకుండా అంచులు పడక కిందికి దోపాలి.

నీళ్లు

తాగడానికే మనిషికి రోజుకు 3 లీటర్ల దాకా పడుతుంది, వంటతో కలిపి 5 లీటర్లు లెక్క వేసుకోవాలి, ఎండలో పని చేస్తే ఇంకా ఎక్కువ కావాలి. ఇందుకు రెండు వేర్వేరు డబ్బాలు తప్పనిసరి: ఒకటి శుద్ధి చేయని నీళ్లకు, ఇంకొకటి తాగే నీళ్లకు. పచ్చినీళ్ల డబ్బా మెడకు ముడులు వేసిన తాడు ముక్క కట్టి ఉంచితే చీకట్లో కూడా చేతికి తగిలి తేడా తెలిసిపోతుంది.

బురద నీటిని కొన్ని గంటలు కదపకుండా ఉంచి, పైనున్న తేట నీటిని నాలుగు మడతల శుభ్రమైన నూలు గుడ్డలో వడగట్టాలి. వడగట్టడంతో నీరు శుద్ధి అయిపోదు, తర్వాతి పనికి సిద్ధమవుతుంది, అంతే. అన్నిటికంటే నమ్మదగిన పద్ధతి మరగబెట్టడం: నీళ్లు సలసల తెర్లడం మొదలయ్యాక 1 నిమిషం, సముద్రమట్టానికి 2,000 మీటర్ల కంటే ఎత్తున ఉంటే 3 నిమిషాలు అలాగే ఉంచాలి. వంటచెరకు కరువైన చోట, 5 నుంచి 6 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న, సువాసన గానీ రంగు గానీ కలపని బ్లీచ్‌ను తేట నీటిలో లీటరుకు 2 చుక్కలు కలిపి 30 నిమిషాలు ఆగవచ్చు. అయితే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్‌కు లొంగదు, మరిగిస్తే చస్తుంది. రంగులేని పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాల్లో తేట నీరు నింపి, గట్టి ఎండలో 6 గంటలు, మబ్బు పట్టి ఉంటే 2 రోజులు ఉంచడం కూడా సూక్ష్మజీవులను చంపే పద్ధతే. చేతిలో పట్టే ఫిల్టర్లు బ్యాక్టీరియాను ఆపుతాయి కానీ వాటిలో చాలా రకాలు వైరస్‌లను ఆపలేవు.

పురుగుమందులు, ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిసిన నీటి విషయంలో ఈ పద్ధతులేవీ పనికిరావు. అలాంటి అనుమానం ఉంటే నీళ్లు పట్టే చోటే మార్చుకోవాలి.

పొయ్యి, పనిముట్లు

మూత ఉన్న 2 లీటర్ల గిన్నె ఒకటి చాలు. మూత పెడితే కట్టెలు ఆదా అవుతాయి. పొయ్యి రాళ్లను నీటి ఒడ్డు నుంచి తేకూడదు, లోపల చెమ్మ ఉన్న రాయి వేడికి పగిలి ముక్కలు ఎగరవచ్చు. రెండు లైటర్లు, గాలి చొరబడని డబ్బాలో అగ్గిపెట్టె ఒకటి వేర్వేరు చోట్ల పెట్టుకోవాలి. గుడారంలో గానీ, అన్ని వైపులా మూసిన టార్పాలిన్ కింద గానీ బొగ్గులు, స్టవ్ వెలిగించకూడదు: కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మడవని కత్తి, మడత రంపం, తలకు కట్టుకునే లైటు, దానికి అదనపు బ్యాటరీలు, దబ్బనం, గట్టి దారం, వెడల్పు టేపు, ఈల, ఇవి ఉంటే చాలావరకు సరిపోతుంది. గొడ్డలి వాడి అలవాటు లేనివారు దాన్ని తీసుకెళ్లకపోవడమే క్షేమం. తిండి విషయంలో, నీళ్లు పోసి ఉడికిస్తే సరిపోయేవి, వండకుండా తినగలిగేవి సగం సగం పెట్టుకోవాలి.

శుభ్రత, మందులు

మరుగుదొడ్డి లేని చోట చిన్న తాపీలాంటి పార ఒకటి అవసరం. నీటికి, పడకకు, దారికి కనీసం 60 మీటర్ల దూరంలో 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, పని అయ్యాక మట్టితో పూడ్చాలి. సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. గాయాలకు గాజుగుడ్డ, క్రిమిసంహారక ద్రావణం, కట్టు కట్టే టేపు, రోజూ వాడే మందులు, ఓఆర్‌ఎస్ పొట్లాలు పెట్టుకోవాలి. విరేచనాలు పట్టుకుని పొట్లాలు అయిపోతే, లీటరు శుద్ధమైన నీటిలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కరిగించి కొద్దికొద్దిగా తాగించాలి. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా, అంచుకు సమంగా గీసిన కొలత. ఉప్పు ఎక్కువైతే హాని జరుగుతుంది.

సర్దుకోవడం, పరీక్షించడం

బరువైనవి వీపుకు ఆనేలా మధ్యలో, పడక సామాను అడుగున, టార్పాలిన్, తాళ్లు అన్నిటికంటే పైన ఉండాలి, ఎందుకంటే వానలో చేరుకున్నప్పుడు ముందు తీయవలసింది అదే. నీళ్లతో సహా మొత్తం బరువు మన బరువులో ఐదో వంతు దాటకుండా చూసుకోవాలి. ఆ తర్వాత ఇంటి ఆవరణలోనో, డాబా మీదో ఒక రాత్రి ఈ సామానుతోనే గడపాలి. ముడిని చీకట్లో వేసి చూడాలి, తాగే నీళ్లను ఆ గిన్నెలోనే కాచుకోవాలి. తెల్లవారాక, చేయి పడని వస్తువులను తీసేయాలి; మందులు, ఈల, అదనపు బ్యాటరీలు మాత్రం వాడకపోయినా ఉంచాలి. టార్పాలిన్‌ను, దోమతెరను పూర్తిగా ఆరాకే మడవాలి, తడిగా చుట్టి పెడితే బూజు పడుతుంది, మడతల దగ్గర పూత లేచిపోయి తర్వాతి వానకు కారుతుంది.